ఆబె హయాత్ కర్త ముహమ్మద్ హుసేన్ ఆజాద్

ఉర్దూ కవుల చరిత్ర నెరుగగోరు వారికి మొదట చేతికి వచ్చు గ్రంథము ‘ఆబె హయాత్’. 1880లో లాహోరున వెలువడిన యీ గ్రంథమున తప్పులున్నవని తెలియని పండితుడు లేడు. దానిని చదువక విడిచిన పండితుడును లేడు. దీని కర్త ముహమ్మద్ హుసేన్ ఆజాద్ ఢిల్లీవాడు. జన్మనగరమును విడిచిన పిదప ఏబదియేండ్లకు పైబడి జీవించియు, ఆతడు తుదివరకు వ్రాతలో ఢిల్లీవాడుగనే నిలిచెను. ఆతని గుణములకును దోషములకును మూలము ఆ నగరమే.

ఆజాద్ 1830లో జన్మించెను. పూర్వులు ఇరానునుండి వచ్చినవారు. తండ్రి మౌల్వీ ముహమ్మద్ బాకిర్ షియా సంప్రదాయమున పేరొందిన విద్వాంసుడు. ఆయన ఢిల్లీ కళాశాలలో చదివి, అచ్చటనే కొంతకాలము బోధించి, సర్కారు కొలువు చేసి, తుదకు శిలాముద్రణాలయము నెలకొల్పి ‘దిల్లీ ఉర్దూ అఖ్బార్’ అను వారపత్రికను నడపెను. ఉత్తర హిందూస్థానమున వెలువడిన తొలి ఉర్దూ పత్రికలలో అది యొకటి. ఆజాద్ పసితనముననే తల్లిని గోల్పోయెను. అచ్చుకూటపు సిరావాసనయు, కవుల రాకపోకలును గల యింట పెరిగెను.

తండ్రి చదివిన కళాశాలలోనే కుమారుడును చేరెను. నజీర్ అహ్మద్, జకాఉల్లా మున్నగు భావి ఉర్దూ గద్యకర్తలు అచ్చట ఆతని సహాధ్యాయులు. గణితము, ఖగోళము, ప్రకృతిశాస్త్రము మొదలగువానిని ఉర్దూలోనే బోధించి, అందుకు వలయు గ్రంథములను తర్జుమా చేయించిన సంస్థ యది. దేశభాషలలో శాస్త్రబోధ సాధ్యమా యని తరువాతి నూరేండ్లు వాదించుకొన్న మనవారు ఆ ప్రయోగమును జ్ఞాపకముంచుకొన్నట్లు కనబడదు. ఆజాద్ చదివినది ప్రాచ్యశాఖ యగుటచే ఆంగ్లము ఆతనికి స్వల్పముగనే తెలియును. ఆంగ్లసాహిత్యమును ఆదర్శముగ జూపి తన భాషాకవులను మందలించిన యీ రచయిత, ఆ సాహిత్యమును ఇతరుల నోట వినియే యెక్కువగా ఎరిగెను.

కవిత్వమున ఆతని గురువు షేక్ ఇబ్రాహీం జౌక్ (1789–1854). సామాన్యుడైన సైనికుని పుత్రుడయ్యు జౌక్ తుది మొగలు పాదుషా బహదూర్ షా జఫర్‌కు కవితాగురువయ్యెను. బాకిర్‌కును ఆయనకును గాఢమైన మైత్రి. బాలుడైన ఆజాద్ ఆయన వెంబడి తిరుగుచు, మాటలను వినుచు, పద్యములను వల్లెవేయుచు పెరిగెను. జౌక్ తన గజళ్లను గ్రంథముగ కూర్చుకొన్నవాడు కాడు. ఆయన మరణించునప్పటికి అవి చిత్తుకాగితములలో, తలగడ గలీబులలో, కుండలలో పడియుండెనని ఆజాద్ వ్రాసెను. గురుపుత్రునితో గూడి వానిని ఏరి, విప్పి, శుద్ధప్రతులు వ్రాయు పని ఆరంభమయ్యెను. ఆ పని పూర్తి కాకుండగనే 1857 వచ్చిపడెను.

మే నెల 11వ తేదీన మీరటు సిపాయిలు ఢిల్లీ ప్రవేశించిరి. బాకిర్ పత్రిక వారి పక్షము వహించెను. మే 24వ తేదీ సంచికలో కంపెనీ ప్రభుత్వపు పతనమును గూర్చి ఆజాద్ రచించిన పద్యము అచ్చయ్యెను. జూలైలో పత్రిక పేరు పాదుషా పేరిట ‘అఖ్బారుజ్జఫర్’ అని మార్చబడెను. సెప్టెంబరులో ఆంగ్లసేన నగరమును తిరిగి జయించినప్పుడు వీనికన్నిటికిని లెక్క చెప్పవలసి వచ్చెను. కళాశాలాధ్యక్షుడు టేలర్ తిరుగుబాటు దినములలో హతుడగుటకు బాధ్యుడను నెపము గూడ బాకిర్‌పై పడెను. ఆయనకు మరణదండన విధించిరి. హిందూస్థానమున ఆ సంక్షోభమున ప్రాణము లర్పించిన పత్రికాసంపాదకులలో ఆయన పేరు ముందు వచ్చును. మారువేషమున కుమారుడు దూరమునుండి తండ్రిని కడసారి చూచెనని కుటుంబమున చెప్పుకొనెడు కథ కలదు.

సైనికులు ఇంట జొరబడి తక్షణమే వెడలిపొమ్మన్న నాటి ఘట్టమును ఆజాద్ తానే వర్ణించెను. ఇల్లంతయు సామాను నిండియున్నది. ఏది చేతబట్టుటకో తోచలేదు. అప్పుడు ఆతని దృష్టి గురువుగారి గజళ్లకట్టపై బడెను. బ్రతికియుండినచో తక్కినవన్నియు మరల సంపాదించుకొనవచ్చును, ఆ గజళ్లను మరల చెప్పుటకు గురువుగారు మాత్రము రారు అని తలచి, ఆ కట్టను చంక నిడుకొని, ఇరువదిరెండుమంది కుటుంబీకులతో కట్టుబట్టలతో వెడలెను. ఆ దారిలోనే యేడాది వయస్సు గల కూతురు మరణించెను. గురుపుత్రుడును ఆ సంక్షోభముననే గతించెను. ఇక జౌక్ కవిత్వమునకు ఏకైక రక్షకుడు ఆజాదే.

తరువాతి మూడు నాలుగేండ్లు సంచారమున గడచెను. లక్నోలో కొంతకాలము, పిమ్మట పంజాబు సంస్థానములలోను జగ్రావ్‌లోను చిన్న కొలువులు. నడుమ మద్రాసువరకు పోయెనని యందురు. 1861 ప్రాంతమున లాహోరు చేరి తపాలాకార్యాలయమున అల్పోద్యోగియయ్యెను, 1864లో విద్యాశాఖలో ప్రవేశించెను. ఇచ్చట నొక విషయము గమనింపదగినది. 1858లో ఆంగ్లప్రభుత్వము ఢిల్లీని వాయవ్య రాష్ట్రములనుండి తొలగించి పంజాబులో కలిపెను. నిన్నటివరకు పాదుషా కొలువున్న పట్టణము లాహోరునుండి పాలింపబడు ఒకానొక జిల్లాకేంద్ర మయ్యెను. ఢిల్లీ విద్వాంసులు కొందరు లాహోరునకు చేరుట ఈ మార్పు ఫలితమే.

లాహోరున డాక్టర్ లైట్‌నర్ ప్రోద్బలమున 1865లో ‘అంజుమనె పంజాబ్’ స్థాపితమయ్యెను. ఆజాద్ అందులో ఉపన్యాసకుడై, పిదప కార్యదర్శియయ్యెను. అదే యేట పండిత మన్‌ఫూల్‌తో గూడి ప్రభుత్వపు రహస్యకార్యముపై మధ్య ఆసియాకు పోయివచ్చెను. తండ్రిని చంపిన ప్రభుత్వమునకు గూఢచారియై పోవుట కొందరికి సహింపరానిదిగ తోచవచ్చును. ఇరువదిమంది నోళ్లకు అన్నము పెట్టవలసిన, పూర్వపు అనుమానము నీడ యింకను తొలగని మనుష్యుడు మరేమి చేయగలడో చెప్పుటయు సులభము కాదు. 1869లో ప్రభుత్వ కళాశాలలో అరబ్బీ భాషోపాధ్యాయ పదవి లభించెను. బాలురకై రచించిన వాచకములును, ‘కిససె హింద్’ అను చారిత్రక కథలును ఈ కాలమునాటివే.

1874లో విద్యాశాఖాధికారి హాల్‌రాయిడ్ ప్రోత్సాహమున ఆజాద్ నూతన పద్ధతి ముషాయిరాలను నడపెను. పూర్వపు సభలలో ఒక పాదము నిచ్చి అదే ఛందస్సున, అదే అంత్యప్రాసతో గజళ్లు చెప్పించుట ఆచారము. మన సమస్యాపూరణమునకు దూరపు చుట్టమనవచ్చును. కొత్త సభలలో పాదమునకు మారుగా వర్షర్తువు, దేశభక్తి వంటి వస్తువు నిచ్చిరి. ఈ సభలు ఏడాది కాలమునకే ఆగిపోయెను. ఆజాద్ పద్యములు అంతగా రాణింపలేదు. సహచరుడైన అల్తాఫ్ హుసేన్ హాలీయే అందు కీర్తి గడించెను. 1893లో సిద్ధాంతకర్తగ ఆయన వ్రాసిన ‘ముకద్దమా’కు బీజము ఈ సభలయందే కలదు.

ఆజాద్ ప్రతిభ గద్యమునది. 1880లో ‘నైరంగె ఖయాల్’ అను రూపకవ్యాసములును ‘ఆబె హయాత్’యు వెలువడెను. అంతకు పూర్వము ఉర్దూకవులను గూర్చి తెలుపునవి ‘తజ్‌కిరా’లు: అక్షరక్రమమున కవి పేరు, రెండు మాటల ప్రశంస, కొన్ని పద్యములు. ఆజాద్ ఆ కవులను కాలక్రమమున నిలిపి, వలీ మొదలుకొని తన గురువువరకును తరువాతి మరికొందరివరకును ఐదు యుగములుగ విభజించెను. భాష యెట్లు పుట్టెనో, పదములెట్లు మారెనో చెప్పు పీఠిక చేర్చెను. మీర్, సౌదా, ఇన్షా మున్నగువారు అందు నడచుచు, అలుగుచు, మాటాడుచు కనబడుదురు. తెలుగున గురజాడ శ్రీరామమూర్తి కవిజీవితములును, వీరేశలింగము ఆంధ్రకవుల చరిత్రయు ఇంచుమించుగా ఆ కాలముననే పుట్టినవి. ఐతే వీరేశలింగమునకు శాసనము, తాళపత్రము, కాలనిర్ణయము ప్రధానములు. ఆజాద్‌కు పోయిన నగరపు పెద్దల నోట విన్న మాట ప్రధానము. ఆ పెద్దలు గతించిరి, ఇండ్లు కూలినవి. వారి మాటలు తనతో పోరాదని వ్రాసినవాని చేత జ్ఞాపకము, కల్పన వేరుపడకపోవుట వింత కాదు.

అందలి లోపములను సమకాలికులే యెత్తిచూపిరి. తొలి ముద్రణమున మోమిన్ వంటి మహాకవికే స్థానము లేదు; విమర్శ రాగా 1883 నాటి రెండవ ముద్రణమున చేర్చెను. జౌక్‌కు సింహాసనము వేసి, గాలిబ్‌ను పొగడుచునే ప్రక్కకు నెట్టెను. వలీని ఉర్దూకవిత్వమునకు ఆదిపురుషునిగ నిలుపుట మరియొక ప్రమాదము. వలీకి నూరేండ్లు ముందే గోలకొండలో ముహమ్మద్ కులీ కుతుబ్‌షా (పాలన 1580–1612) దక్కనీలో వేలకొలది పద్యములు చెప్పియుండెను. 1940లో హైదరాబాదున మొహియుద్దీన్ కాద్రీ జోర్ ఆ సుల్తాను సమగ్రకృతులను ప్రకటించునప్పటికి ఆజాద్ గీచిన పటము పూర్తిగ మారవలసివచ్చెను. ఢిల్లీకి తెలియని దానిని ఆజాద్ ఎరుగడు.

1885లో ఇరాను యాత్ర చేసి పుస్తకములు కొనితెచ్చెను. 1887లో ‘షమ్సుల్ ఉలమా’ బిరుదు లభించెను. పలువురు బిడ్డల మరణము, ముఖ్యముగ తన వ్రాతపనిలో తోడ్పడిన విదుషియగు కుమార్తె మరణము, ఆతనిని క్రుంగదీసెను. ఆ దశాబ్దము ముగియునప్పటికి మతి తప్పెను. ఆ సంధికాలముననే, చంకనిడి తెచ్చిన ఆ కట్టనుండి జౌక్ దీవాను వెలువడెను. పిదప హాఫిజ్ మహమూద్ షేరానీ మున్నగు పరిశోధకులు ఆజాద్ చేతివ్రాత చిత్తుప్రతులను పరీక్షించిరి. గజళ్లలోని చరణములు కొట్టివేసి, తిరిగి వ్రాసి, మరల దిద్దిన గురుతులు అందు కనబడెను. ప్రతి వ్రాసికొనువాడు ఆ విధముగ దిద్దడు, కవి దిద్దును. కొన్ని గజళ్లు జౌక్‌వి కావని, శిష్యుడే పూరించెనని వారు తేల్చిరి.

దీనిని మోసమనుట తొందరపాటు. గురువు శిష్యుని పద్యము దిద్దుట ఆ సంప్రదాయమున నిత్యకృత్యము. శిష్యుడు గురుఋణము తీర్చుటకు అదే పనిని త్రిప్పి చేసెను. శిథిలమైన తాళపత్రమున జారిన పాదమును తమ బుద్ధికొలది పూరించిన మన పండితులును ఇట్టివారే. ఐనను ఫలితము ఫలితమే. ప్రాణభయమున సైతము ఎవడు ఆ పద్యములను కాపాడెనో, వాని మూలమున నేడు ఏది జౌక్ మాటయో నిర్ణయించుట కష్టమైనది. తరువాతి సంపాదకులు పూర్వపు సంకలనములతో పోల్చి ఒక్కొక్క గజలును పరీక్షింపవలసి వచ్చెను.

మతిభ్రమణ కాలమునను ఆజాద్ కలము విడువలేదు. ‘సిపాక్ ఓ నమాక్’ వంటి వింత రచనలు ఆ దినములవి. ఒకమారు కాలినడకన లాహోరు విడిచి ఢిల్లీకి పోయెనని చెప్పుదురు. అక్బరు సభను గూర్చి యేండ్లతరబడి కూర్చిన ‘దర్బారె అక్బరీ’ని తానుగ ముగింపజాలకపోయెను; ఆ ప్రతులను క్రమపరచు భారము ఇతరులపై బడి, 1898లో మీర్ ముమ్తాజ్ అలీ దానిని ప్రకటించెను. 1910 జనవరి 22న ఆజాద్ లాహోరున మరణించెను. ఆతని సమాధి ఆ నగరముననే గామేషా కర్బలాలో కలదు.