పాఠ్యపుస్తకంతో పేచీ పెట్టుకున్న పర్లాకిమిడి మేష్టారు

ఉద్యోగం చేస్తూనే ఎం.ఇడి.కో, ఎడ్యుకేషన్‌లో ఎం.ఏ.కో ఫీజు కట్టే టీచర్లు ఈరోజు మనకు ప్రతి ఊళ్లో కనిపిస్తారు. బోధనాపద్ధతి, పాఠ్యప్రణాళిక, మూల్యాంకనం వాళ్ల పేపర్ల పేర్లు. ఆ పేపర్లేవీ లేని రోజుల్లో ఆ మూడు విషయాల మీదే జీవితమంతా ఖర్చు పెట్టిన బడిపంతులు గిడుగు వెంకట రామమూర్తి. ఆయన్ని వ్యవహారిక భాషోద్యమ నాయకుడిగా గుర్తుపెట్టుకున్నాం. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం చేసుకున్నాం. ఆ పోరాటం సాహిత్య సభలో కాక తరగతి గదిలో మొదలైందన్న సంగతి మాత్రం దండల మధ్య మరుగున పడిపోతుంటుంది.

1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి చిన్నప్పుడే పోయారు. విజయనగరంలో చదువుకున్నారు. గురజాడ అక్కడ సహాధ్యాయి. మెట్రిక్యులేషన్ కాగానే, 1880లో, పర్లాకిమిడి రాజావారి బళ్లో చరిత్ర చెప్పే ఉద్యోగంలో చేరారు. జీతం ముప్పై రూపాయలు. పగలు పాఠాలు చెబుతూ ప్రైవేటుగా చదివి ఎఫ్.ఏ., ఆ తర్వాత బి.ఏ. పూర్తిచేశారు. ముఖలింగం గుడిలోని శాసనాల లిపి చదవడం కూడా సొంతంగానే నేర్చుకున్నారు.

పర్లాకిమిడి చుట్టూ కొండల్లో సవరలు ఉండేవారు. వాళ్ల భాషకు లిపి లేదు, పుస్తకం లేదు. తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని గిడుగు ఆ భాష నేర్చుకున్నారు. వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బళ్లు పెట్టి, పంతుళ్లకు జీతాలిచ్చి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. మాతృభాషలో ప్రాథమిక విద్య గురించి నేటి విధాన పత్రాలు చెప్పేదాన్ని ఆయన ముప్పై రూపాయలతో మొదలైన జీతంలోంచి చేసి చూపించారు. దానికి ఒంటితో కూడా మూల్యం చెల్లించారు. మన్యంలో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, దానికి వాడిన క్వినైన్‌తో వినికిడి దెబ్బతింది. జనం నోటి మాటను ప్రమాణం చేయమని పోరాడిన మనిషికి ఆ మాటే సరిగా వినపడకపోవడం కంటే క్రూరమైన సంగతి ఏముంటుంది!

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జె.ఏ. యేట్స్ అనే ఇంగ్లీషాయన ఉత్తర సర్కారులకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. తెలుగువాళ్లు మాట్లాడేదొకటి, బళ్లో చదివేది మరొకటి ఎందుకన్నది ఆయన సందేహం. విశాఖలో కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్న పి.టి. శ్రీనివాస అయ్యంగార్, గురజాడ, గిడుగు ఆ సందేహాన్ని ఉద్యమం చేశారు. గిడుగు వాదంలో బలం అంతా బోధనానుభవానిదే. సవర పిల్లవాడికి తెలుగు ఎంత పరాయిదో, తెలుగు పిల్లవాడికి గ్రాంథికం దాదాపు అంత పరాయిది. వాడి తెలివి విషయం మీద కాకుండా అరసున్నల మీద ఖర్చయిపోతుంది. వ్యాసం రాయమంటే ఆలోచన రాయడు, తప్పు రాకుండా తప్పించుకుంటాడు. ఆ భాషను దిద్దే పండితులకైనా అది పూర్తిగా పట్టుబడలేదని గిడుగు వాళ్ల రచనల్లోంచే తప్పులు ఏరి చూపించారు. ఆ పని కొంత కఠినంగానే చేశారు, శత్రువులూ అలాగే పెరిగారు.

1911లో ఉద్యోగం వదిలి పూర్తిగా ఇందులోనే దిగారు. పరీక్షల్లో వ్యవహారికానికి కొంత చోటు దొరికినట్టే దొరికింది. జయంతి రామయ్య పంతులు తదితరులు గట్టిగా అడ్డుపడ్డారు. మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన కాంపోజిషన్ ఉపసంఘంలో గ్రాంథికం వైపే మొగ్గు ఉంది. 1914లో గురజాడ అసమ్మతి పత్రం రాశారు, మరుసటి ఏడాదే కన్నుమూశారు. గిడుగు ఆగలేదు. 1919లో ‘తెలుగు’ అనే మాసపత్రిక పెట్టారు. సభలకు తిరిగారు. మరోవైపు సవర పనీ సాగింది. 1931లో సవర భాషా వ్యాకరణం ఇంగ్లీషులో వచ్చింది. 1913లో రావు బహదూర్, 1934లో కైజర్-ఇ-హింద్ పతకం వచ్చాయి. పాఠ్యపుస్తకం మాత్రం ఆయన మాట వినలేదు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, పర్లాకిమిడి అందులో కలిసింది. ఆ విలీనాన్ని ఆయన వ్యతిరేకించారు. డెబ్బై మూడో ఏట, జీవితమంతా గడిపిన ఊరు వదిలి రాజమహేంద్రవరం చేరారు. సరిహద్దు గీత ఒకటి మారితే బడి భాష ఏమవుతుందో ఆయనకు తెలుసు. ఇరవయ్యేళ్ల తర్వాత ఉక్కు కర్మాగారం పనికని శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి భిలాయి వెళ్లిన కుటుంబాలకు అది మరో రూపంలో ఎదురైంది. ఇంట్లో తెలుగు, బళ్లో హిందీ.

1940 జనవరి 22న గిడుగు చనిపోయారు. తెలుగు అకాడమీ ఏర్పడి, కాలేజీ పిల్లలకు వాడుక భాషలో పాఠ్యపుస్తకాలు వేయడానికి అప్పటినుంచి ఇంకో మూడు దశాబ్దాలు పట్టింది.