అన్నానికి బదులు అడగని క్లౌ దొర

సింగరేణి గనుల్లో మస్టర్ పడితేనే జీతం. పనికి లెక్క ఉండాల్సిందే. గోదావరిఖనిలోనైనా మరెక్కడైనా, పెట్టిన అన్నానికీ చేసిన ప్రార్థనకూ కూడా మనం మస్టర్ వేస్తుంటాం. అంత చేశాం, వాళ్లు మళ్లీ మందిరానికి వచ్చారా అని!

ఆ లెక్క పక్కన పెట్టిన దైవజనుడు జాన్ ఎవరెట్ క్లౌ (1836-1910). అమెరికాలో పుట్టి, యౌవనంలో సర్వేయరుగా భూములు కొలిచి, 1866లో ఒంగోలులో మిషను పని ప్రారంభించారు. 1876-78లో ఘోరమైన కరువు వచ్చింది. ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే మూడున్నర మైళ్ల పని ఆయన కంట్రాక్టు తీసుకున్నారు. పాత విద్య అక్కరకొచ్చింది. వేలమందికి కూలి దొరికింది. విశ్వాసులా కాదా అని చూడలేదు.

పని మధ్య విరామంలో బోధకులు వారికి క్రీస్తును గూర్చి చెప్పేవారు. చాలామంది బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. దాదాపు 15 నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు! మిషను నివేదికల్లో సంఖ్యలకు ఎంతో విలువ ఉన్న రోజులవి. కానీ కూటికోసం మనిషి దేనికైనా తలూపుతాడని ఆయనకు తెలుసు.

1878లో కరువు సాయం ముగిసింది. ఇక ఇవ్వడానికి డబ్బు లేదని చెప్పినా జనం కదల్లేదు. జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మారుతూ ఇచ్చారు. క్లౌ ఆ రోజు తన చేతులతో ఒక్కరికీ ఇవ్వలేదు.