రైలు ఇంజనుకు ఆద్యుడు – రిచర్డ్ ట్రెవిథిక్

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం వ్రాసి ఇమ్మని మన కార్యదర్శి గారు కోరగానే నాకు తోచిన పేరు రిచర్డ్ ట్రెవిథిక్. పట్టాల మీద ఆవిరి ఇంజను నడిపిన మొదటి మనిషి ఆయనే. లాలాగూడ వర్క్‌షాపులో 34 ఏళ్ళు ఫిట్టరుగా పనిచేసి 2011లో రిటైరయిన నేను కూడా అంతవరకు ఆ పేరు సరిగా ఎరుగను. ఆయనను నాకు పరిచయం చేసినది ఒక బొమ్మ. అదీ ఎక్కడా దొరకని బొమ్మ!

రిటైరయిన తరువాత వింత ఆకారాల పాత ఇంజన్ల నమూనాలు సేకరించడం నాకు వ్యాపకమైంది. స్టీఫెన్సన్ గారి రాకెట్ సులువుగానే దొరికింది. ట్రెవిథిక్ ఇంజను కోసం సికింద్రాబాదులోనూ, చెన్నైలోనూ దుకాణాలు గాలించాను. మొదటి ఇంజను కావాలని అడిగితే ప్రతి చోటా ఆ రాకెట్‌నే తెచ్చి చూపించారు. ఈయనను లోకం ఎందుకు మరచిందో తెలుసుకుందామని పుస్తకాలు తిరగేశాను.

ట్రెవిథిక్ గారు 1771 ఏప్రిల్ 13న ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతంలో జన్మించారు. తండ్రి గనుల్లో అధికారి. కొడుకుకు బడి చదువు అంతగా అబ్బలేదు. మనిషి ఆరడుగులకు పైన ఎత్తు, కుస్తీలో మొనగాడు. ఆ రోజుల్లో గనుల్లో నీరు తోడే జేమ్స్ వాట్ ఇంజన్లు తక్కువ పీడనంతో నడిచేవి, ఇల్లంత ఉండేవి. పీడనం పెంచితే ఇంజను చిన్నదవుతుంది, చక్రాల మీదికి ఎక్కించవచ్చునని ట్రెవిథిక్ గారి ఆలోచన. అది ప్రమాదమని వాట్ గారి వాదం. ఈయన ముందుగా చిన్న చిన్న నమూనాలు చేసి నడిపి చూసుకున్నారు. 1801లో క్రిస్మస్ ముందు రోజున రోడ్డు మీద ఆవిరి బండి నడిపారు.

1803లో గ్రీనిచ్‌లో ఆయన బాయిలరు ఒకటి పేలి నలుగురు చనిపోయారు. ఆయన పని మానలేదు, జాగ్రత్త పెంచారు. రెండు సేఫ్టీ వాల్వులు, నీరు తగ్గితే కరిగిపోయే సీసపు ప్లగ్గు పెట్టారు. ఆ ప్లగ్గు సంగతి మన పాత స్టీం షెడ్డు మిత్రులకు చెప్పనక్కరలేదు.

1804 ఫిబ్రవరి 21న వేల్స్‌లోని పెనిడారెన్ ఇనుప కర్మాగారం నుండి ఆయన ఇంజను 10 టన్నుల ఇనుమును, 70 మంది మనుషులను తొమ్మిదిన్నర మైళ్ళకు పైగా లాగింది. నాలుగు గంటలకు పైన పట్టింది. ఇంజను గెలిచింది గాని దాని బరువుకు పోత ఇనుప పట్టాలు విరిగిపోయాయి. 1808లో లండనులో గుండ్రంగా పట్టాలు వేసి, టిక్కెట్టు పెట్టి మరో ఇంజను నడిపారు. అక్కడా పట్టాలు విరిగాయి, డబ్బూ పోయింది.

1816లో వెండి గనుల్లో ఇంజన్లు నడపడానికి పెరూ వెళ్ళారు. అక్కడి యుద్ధంలో సంపాదన అంతా పోయింది. తిరుగు ప్రయాణంలో కార్టజీనా రేవులో చేతిలో పైసా లేకుండా ఉన్నప్పుడు 50 పౌన్లు ఇచ్చి ఆదుకున్నది రాబర్ట్ స్టీఫెన్సన్. ఆ తరువాత రెండేళ్ళకే రాకెట్ కట్టినది ఆయనే! 1827లో ఇల్లు చేరిన ట్రెవిథిక్ గారు తన సేవకు ప్రతిఫలం ఇప్పించమని 1828లో పార్లమెంటుకు అర్జీ పెట్టుకున్నారు. మంజూరు కాలేదు. నెల మొదట్లో బ్యాంకు క్యూలో నిలబడే మనకు ఆ మాట ఎంత బరువో తెలుసు.

1833 ఏప్రిల్ 22న డార్ట్‌ఫర్డ్‌లో కన్నుమూశారు. తోటి వర్క్‌షాపు కార్మికులు చందాలు వేసుకుని అంత్యక్రియలు జరిపించారు. సమాధి మీద పేరు చెక్కిన రాయి కూడా లేదు.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బొమ్మ దొరక్కపోతే మనమే చేద్దామని, పాటర్న్ షాపులో పనిచేసిన మిత్రుడొకరిని పిలిచాను. 1981లో కట్టిన పూర్తి సైజు ఇంజను స్వాన్సీ మ్యూజియంలో ఉంది. మా అల్లుడు దాని ఫోటోలు తీసి పంపాడు. అడుగుకు అంగుళం చొప్పున ఎనిమిది నెలలు శ్రమించాము. ఒకే సిలిండరు, పక్కన పెద్ద ఫ్లైవీలు, చక్రాలకు పళ్ళ చక్రాలు. ఇత్తడి రేకులో ఆ పళ్ళు ఆకురాయితో రాచేసరికి వేళ్ళు పుండ్లు పడ్డాయి. చిన్న కంప్రెసరు గాలితో నడుస్తుంది. పిస్టను చివరికి వచ్చి ఆగితే ఫ్లైవీలును చేత్తో తిప్పాలి. ఒక సిలిండరు ఇంజనుకు అది తప్పదు.

కామ్‌బోర్న్ ఊళ్ళో 1932లో నిలిపిన ఆయన విగ్రహం చేతిలో చిన్న ఇంజను నమూనా ఉంటుంది. విగ్రహం మనం పెట్టలేము గాని, నమూనా సిద్ధంగా ఉంది. వార్షికోత్సవం నాడు సంఘ కార్యాలయంలో బల్ల మీద ఉంచుతాము. సభ్యులందరూ మనవలను తీసుకుని రావలసిందిగా ప్రార్థన. చక్రం తిప్పడం పిల్లల వంతు, పేరు చెప్పడం మన వంతు.