నొప్పి విలువ నెరిగిన వైద్యుడు: డాక్టరు పాల్ బ్రాండ్

మన డయాసిస్ నూరు సంవత్సరములు పూర్తి చేసుకొనిన ఈ సంతోష సమయమున మిషనెరీ వైద్యులను కృతజ్ఞతతో తలంచుకొనుచున్నాము. వారిలో డాక్టరు పాల్ బ్రాండ్ జీవితమును నేను ఎన్నుకొనుటకు ఒక కారణము కలదు. కొన్ని సంవత్సరముల క్రిందట నా సంఘములోని ఒక తల్లి షుగరు వ్యాధివలన మోకాలి క్రిందికి కాలు పోగొట్టుకొనెను. ఆమె కూలిపనికి పోవు విధవరాలు. చేనిలో ముల్లు దిగినను ఆమెకు నొప్పి తెలియలేదు. తెలిసిన పిమ్మట ఆ పుండును ఎవరికిని చూపలేదు. పని మానినయెడల ఆనాటి కూలి పోవును గదా. ఆ నెలలో నేను రెండుమారులు ఆమె యింట ప్రార్థన చేసితిని గాని ఆమె పాదములవైపు చూడలేదు. ఆ చింతతోనే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

పాల్ బ్రాండ్ 1914 జూలై 17న తమిళ దేశములోని కొల్లి కొండలలో జన్మించెను. తండ్రి జెస్సీ, తల్లి ఎవెలిన్ ఆ కొండవాసుల మధ్య సేవ చేయుచుండిన మిషనెరీలు. తొమ్మిదవ యేట చదువు నిమిత్తము ఆ బాలుని ఇంగ్లండుకు పంపిరి. 1929లో తండ్రి జ్వరముతో కొండలమీదనే కన్నుమూసెను. పాల్‌కు మొదట వైద్యుడగుటకు ఇష్టము లేకుండెను. ఇండ్లు కట్టు పని, వడ్రంగము నేర్చుకొనెను. పిమ్మట మనస్సు మారి లండనులో వైద్యము చదివి, యుద్ధకాలమున బాంబులకు గాయపడినవారికి శస్త్రచికిత్సలు చేసెను. 1943లో తోటి వైద్యురాలగు మార్గరెట్ బెర్రీని వివాహమాడి, 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చెను. చిత్తూరుకు చేరువనున్న ఆ ఊరు తెలుగు రోగులకు నేటికిని సుపరిచితమే.

చెంగల్పట్టులోని కుష్ఠురోగుల ఆశ్రమమును చూడబోయినప్పుడు, వంకరపోయిన ఆ చేతులలో ఇంకను బలమున్నదని ఆయన కనుగొనెను. పనిచేయుచున్న కండరముల స్నాయువులను మార్చి కుట్టి, ముడుచుకొనిన వ్రేళ్లను తిరిగి చాచునట్లు చేసెను. అయితే ఆ వ్రేళ్లు, పాదములు ఏల అరిగిపోవుచున్నవి? రోగమే మాంసమును తినివేయునని అందరును నమ్ముచుండిరి. ఆయన రోగుల ప్రక్కనే ఉండి గమనించెను. ఒక బాలుడు బిగిసిన తాళమును బలముగా త్రిప్పగా వ్రేలు ఎముకవరకు తెగెను, అతనికి తెలియనేలేదు. నిద్రలో ఎలుకలు వ్రేళ్లు కొరికినను కొందరు మేలుకొనలేదు. అందుచేత ఇంటికి వెళ్లు రోగులకు పిల్లులను ఇచ్చి పంపిరి! స్పర్శ పోవుటయే అసలు శత్రువు. పుండుపడిన పాదమునకు పిండికట్టు వేసి కాపాడినయెడల అది మానుచుండెను. విప్పి పంపినయెడల రోగి ఉత్తకాళ్లతో పనికి పోయి మరల పుండుతో వచ్చుచుండెను.

ఇక్కడనే ఆయనకు వేరొక పాఠము తెలిసెను. చేతులు బాగైన బిచ్చగాండ్రకు భిక్షము తగ్గిపోయెను. పని ఇచ్చువారును లేరు, ఊరు రానిచ్చుటయు లేదు. శస్త్రచికిత్స గెలిచినను మనిషి ఓడిపోవుచుండెను. గనుక వేలూరులో నవజీవ నిలయము వెలసెను. యౌవనమున నేర్చిన వడ్రంగము అక్కడ అక్కరకు వచ్చెను. కోలుకొనినవారికి బొమ్మలు చేయుట, చేతిపనులు నేర్పించిరి. పాదములకొరకు మెత్తని రబ్బరు చెప్పులు తయారుచేయించిరి. 1955 నాటికి కరిగిరి పరిశోధనాలయము కూడ ఆరంభమాయెను.

ఒకసారి లండనులో, దీర్ఘప్రయాణము ముగించి మేజోడు విప్పగా, తన మడమలో స్పర్శ లేదని ఆయన గ్రహించెను. సూదితో గ్రుచ్చినను నొప్పి లేదు. తనకును కుష్ఠు సోకినదని రాత్రంతయు కలవరపడెను. ఉదయమున మరల గ్రుచ్చగా చురుక్కుమనెను. ప్రయాణములో నరము ఒత్తుకొని తిమ్మిరెక్కినదంతే. ఆ నొప్పి కొరకు ఆయన దేవునికి స్తోత్రము చెల్లించెను. నొప్పి దేవుని వరమని ఆయన జీవితాంతము బోధించెను.

1966లో అమెరికాలోని లూసియానా రాష్ట్రమందలి కార్విల్ కుష్ఠురోగ ఆసుపత్రికి వెళ్లినప్పుడు, మధుమేహ రోగుల పాదములు కూడ అవే పుండ్లతో కనబడెను. రక్తప్రసరణ తగ్గుటయే కారణమని వైద్యులు ఎక్కువగా తలంచుచుండిరి. అది కొంత నిజమే. కాని స్పర్శ పోయిన పాదము ఒకేచోట వేల అడుగుల ఒత్తిడిని భరించి లోలోపల కమిలి చితుకుచున్నదని బ్రాండ్ చూపెను. కమిలిన చోటు ముందుగా వేడెక్కును. చేతితో తాకి తెలిసికొనవచ్చును. వేలూరు కుష్ఠురోగుల యొద్ద నేర్చిన పాఠము ఈ విధముగా లోకమందలి షుగరు రోగులకు మేలాయెను. 1986లో విశ్రాంతి తీసికొని సియాటిల్‌లో స్థిరపడిన ఆయన 2003 జూలై 8న ప్రభువునందు నిద్రించెను. ఆయన తల్లి తొంబదియైదేండ్ల వయస్సులో 1974లో మరణించువరకు కొండ ప్రజలను విడువలేదు.

ప్రియ చదువరులారా, పాదములు కడిగిన ప్రభువును ఏటేట స్మరించు మనము ఒకరి పాదములు ఒకరు చూచుచున్నామా? షుగరు ఉన్నవారు రాత్రివేళ అరికాళ్లు చూచుకొనవలెను. చూపు తగ్గినవారికి మనుమలు చూడవలెను. చెప్పులో రాయి ఉన్నదేమో చేయిపెట్టి తడుముకొనవలెను. ఉత్తకాళ్లతో నడువరాదు. దినకూలి పోవునని పుండు దాచువారికి ఆ దినపు బియ్యము సంఘము ఇయ్యలేదా?

మన గుడి వాకిట చెప్పులు విడుచుట భక్తిమర్యాద. అయితే ఎండలో కాలిన ఆ బండలమీద స్పర్శలేని పాదము బొబ్బలెక్కినను తెలియదు. మా సంఘములో అట్టివారిని చెప్పులతోనే లోపలికి రమ్మంటిమి. పెద్దలలో కొందరు మొదట ఒప్పుకొనలేదు. ఒక ఆదివారము ఆ తల్లి చంకకర్రలతో వచ్చి, మిగిలిన ఒక్క కాలికి చెప్పుతో ముందు వరుసలో కూర్చుండెను. అటుపిమ్మట ఎవరును అభ్యంతరము చెప్పలేదు.