బులాక్ ప్రదర్శనశాల కావలి

ఫ్రాన్సుదేశపు ఉత్తర తీరమున బులోన్ అను రేవుపట్టణము కలదు. అచటి పురపాలక కార్యాలయోద్యోగి యొకని యింట 1821 ఫిబ్రవరి 11వ తేదీన ఆగస్ట్ మేరియెట్ జన్మించెను. పదునెనిమిదేండ్ల ప్రాయమున ఇంగ్లండునకు పోయి, స్ట్రాట్‌ఫర్డు పట్టణమున ఫ్రెంచిభాషను, చిత్రలేఖనమును బోధించెను. పిమ్మట కవెంట్రీలో రిబ్బనులకు నమూనాలు గీచి యిచ్చు పనిలో కుదిరెను. రెండును అచ్చిరాలేదు. స్వస్థలమునకు తిరిగివచ్చి బడిపంతులయ్యెను. 1842లో అతని జ్ఞాతియగు నెస్టర్ లోట్ మరణింపగా, అతని కాగితముల మూటలు మేరియెట్ల యింటికి చేరెను. లోట్ చిత్రకారుడు, ఈజిప్టు లిపి రహస్యమును ఛేదించిన షాంపోలియన్ పండితుని వెంట 1828లో ఆ దేశమునకు పోయినవాడు. ఆ కాగితములను సరిచూచుటకు కూర్చుండిన బడిపంతులు మరల లేవలేదనియే చెప్పవచ్చును. పగలు పాఠములు, రాత్రులు చిత్రలిపి. గురువు లేడు, పుస్తకములే గురువులు. 1847లో తన యూరి చిన్న ప్రదర్శనశాలయందలి ఈజిప్టు వస్తువులకు వివరణపట్టిక నొకదానిని ప్రకటించెను. 1849లో పారిస్‌నందలి లూవ్ర్ ప్రదర్శనశాలలో చిన్న కొలువు లభించెను.

మరుసటి యేట లూవ్ర్ అధికారులు అతనిని ఈజిప్టునకు పంపిరి. పంపినది త్రవ్వుటకు కాదు. కోప్టిక్ క్రైస్తవ మఠములలోని ప్రాచీన వ్రాతప్రతులను కొని తెచ్చుటకు. అంతకు పూర్వము వచ్చిన విదేశీయులు కొందరు వ్రాతప్రతులను తరలించుకొనిపోయి యుండుటచే మతాధికారులు జాగరూకులై యుండిరి. పని సాగలేదు. ఆ తీరికలో సక్కారా యిసుకబయలునకు పోయిన మేరియెట్‌కు, ఇసుకనుండి పైకి పొడుచుకొని వచ్చిన స్ఫింక్స్ తల యొకటి కనబడెను. నరముఖమును సింహశరీరమును గల అట్టి శిల్పములను అతడు అలెగ్జాండ్రియాలోను కైరోలోను తోటలయందు చూచియుండెను. మెంఫిస్ నగరపు సెరాపిస్ దేవాలయమునకు పోవు దారిలో స్ఫింక్సులు ఇసుకలో కూరుకొని యున్నవని గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో ఇంచుమించు రెండువేల యేండ్లనాడు వ్రాసిన సంగతి అతనికి స్ఫురించెను. వ్రాతప్రతులకై యిచ్చిన ధనముతో, పైవారి యనుమతి వేడకయే, ముప్పదిమంది కూలీలను పెట్టి నవంబరు 1వ తేదీన త్రవ్వకము ప్రారంభించెను. లెక్కలు తనిఖీ చేయువారెవరును ఇట్టి పనిని మెచ్చుకొనరు.

నూటికి పైగా స్ఫింక్సులు వరుసగా బయల్పడెను. 1851 నవంబరు 12వ తేదీన అతడు భూగర్భమందలి సొరంగములలో అడుగు పెట్టెను. మెంఫిస్ ప్రజలు దైవముగా కొలిచిన ఏపిస్ వృషభములను తరతరములుగా సమాధి చేసిన స్థలమది. అందు సుమారు అరువది టన్నుల బరువుగల శిలాపేటికలు ఇరువదినాలుగు కలవు. దొంగలు ప్రాచీనకాలముననే వానిని దోచిరి. అయినను 1852లో దొంగచేయి సోకని సమాధి యొకటి దొరకెను. అది రెండవ రామెసీస్ చక్రవర్తి కాలమునాటిది. కడపట వెలుపలికి వచ్చిన పనివాని యడుగుల జాడ లోపలి యిసుకపై మూడువేల యేండ్లకు పైగా చెదరక నిలిచియుండెను. దానిని చూచి మేరియెట్ కన్నీరు విడిచెనందురు.

ఆ కన్నీరు నిజమైనదే కావచ్చును. కాని ఆనాటి మేరియెట్ కొనిపోవ వచ్చినవాడు. ఈజిప్టు ప్రభుత్వము అడ్డు చెప్పినపుడు రాత్రులు రహస్యముగా పని చేయించి, దొరకిన వస్తువులను దాచి ఓడల కెక్కించెను. నాలుగేండ్లలో సుమారు 6,000 వస్తువులు పారిస్ చేరెను. అట్టివాడే తరువాతి కాలమున ఆ దేశపు సంపద దాటిపోకుండ కాపు గాచినవాడయ్యెను. అతని జీవితమున తెలిసికొనదగిన విశేషమంతయు ఈ మార్పునందే యున్నది.

పురావస్తువుల ఎగుమతిని నిషేధించు శాసనము ఈజిప్టున 1835లోనే వెలువడెను. కొన్ని వస్తువులను సేకరించి భద్రపరుపసాగిరి కూడ. కాని ఆ సేకరణమున మిగిలినదానిని 1855లో పాలకుడగు సయీద్ పాషా, ఆస్ట్రియా రాజకుమారుడు మాక్సిమిలియన్ చూడవచ్చినపుడు కానుకగా ఇచ్చివైచెను. మరల వట్టి చేతులే మిగిలెను. 1857లో తిరిగివచ్చిన మేరియెట్, సూయెజ్ కాలువ నిర్మాత లెస్సెప్స్ సాయమున సయీద్ మెప్పు సంపాదించెను. 1858 జూన్ 1వ తేదీన పురావస్తు పరిరక్షణాధికారిగా నియమింపబడెను. ఇక నతని యనుమతి లేక ఎవరును త్రవ్వరాదు. వస్తువులు దాచుటకు బులాక్‌లో నైలునది యొడ్డున, నదీరవాణా కంపెనీ విడిచిపెట్టిన పాడుకొట్టములు దొరకెను.

1859లో థీబ్స్ సమీపమున అతని పనివారికి ఆహ్‌హోతెప్ రాణి శవపేటిక లభించెను. వార్త విన్న కెనా మండలాధికారి పేటికను తెరపించి, రాణి భౌతికదేహమును పారవేయించి, నగలను మాత్రము పాలకునకు కానుకగా పడవలో పంపెను. మేరియెట్ పొగయోడలో ఎదురేగి ఆ పడవను నది నడుమ పట్టుకొనెను. మాటలతో పని కాకపోగా చేతులు కూడ ఆడించెను. స్వర్ణాభరణములను బలిమిని లాగుకొని స్వయముగా సయీద్ ముందుంచెను. సయీద్ ఆ కథ విని నవ్వి, కొన్ని నగలు మాత్రము తాను తీసికొని (అవియు తరువాత తిరిగివచ్చినవి), ప్రదర్శనశాల కట్టుటకు సమ్మతించెను. ఆ 1859లోనే మన అమరావతి శిల్పఫలకములు మద్రాసునుండి ఓడకెక్కి లండనునకు పోయినవి. వాని కడ్డుపడుటకు మేరియెట్ వంటివాడు లేకపోయెను.

1863 అక్టోబరులో సయీద్ తరువాతివాడగు ఇస్మాయిల్ బులాక్ ప్రదర్శనశాలను ప్రారంభించెను. గిజాలో దొరకిన ఖఫ్రే చక్రవర్తి శిలావిగ్రహము అందలి రత్నము. కాని సామాన్యుల మనసు దోచినది సక్కారాలో 1860లో లభించిన కొయ్యబొమ్మ: లావుపాటి మనిషి, చేతిలో కఱ్ఱ, తళతళలాడు స్ఫటికపు కన్నులు. త్రవ్వినవారు దానిని చూచి తమ గ్రామపెద్దయే వచ్చి నిలిచెనని కేకలు వేసిరట. గ్రామపెద్ద యనగా వెనుకటి మన మునసబు వంటివాడు. నాలుగున్నరవేల యేండ్లనాటి ఆ శిల్పమునకు నేటికిని అదే పేరు. 1871లో మేదూమ్ సమాధిలోనికి క్రొవ్వొత్తితో ప్రాకిన పనివాడు, రాజపుత్రుడు రహోతెప్, అతని భార్య నోఫ్రెత్ విగ్రహముల కన్నులు సజీవముగా తన్ను చూచుట కని గడగడలాడి వెనుకకు పరుగెత్తెను.

1867 పారిస్ ప్రదర్శనమునకు ఆహ్‌హోతెప్ నగలను కూడ తీసికొనిపోయిరి. ఫ్రెంచి చక్రవర్తిని యూజెనీ వానిపై మనసు పడి, కానుకగా లభించిన బాగుండునని ఇస్మాయిల్‌కు తెలిపెను. బులాక్‌లో తనకంటె బలవంతు డొకడున్నాడనియు, అతని నడుగవలెననియు ఇస్మాయిల్ తప్పించుకొనెను. మేరియెట్ ఫ్రెంచివాడు, అడిగినది స్వదేశపు మహారాణి, ఆమె యనుగ్రహమున పదవులు రాగలవు, ఆగ్రహమున పోగలవు. అతడు ఇవ్వననెను. నగలు బులాక్‌కు తిరిగివచ్చెను.

ఇట్లని అతని పనినంతను పొగడుట న్యాయము కాదు. ఎడ్ఫు దేవాలయపు కప్పుపై గుడిసెలు వేసికొని కాపురమున్న గ్రామస్థులను ఖాళీ చేయించి ఆలయమును వెలికి తీసెను. డెండెరా, అబిడోస్, కర్నాక్ ఆలయములను ఇసుకనుండి విముక్తము చేసెను. కాని ఆ యిసుకను మోసినది వెట్టిచాకిరికి తోలబడిన వేలకొలది పల్లెజనము. ఒకేకాలమున అనేక స్థలములలో పని జరుగుటచే అన్నిట తాను నిలిచి చూడలేకపోయెను. ఏ వస్తువు ఏ మూల, ఏ మట్టిపొరలో దొరకెనో వ్రాసియుంచినది తక్కువ. 1880 చివర వచ్చిన పెట్రీ యను యువకుడు ఈ పద్ధతిని తీవ్రముగా నిరసించెను. ఆ నిరసనయందు సత్యము కలదు. వ్రాసినదైనను నిలువలేదు. 1878లో నైలునది పొంగి ప్రదర్శనశాలలోనికి నీరు వచ్చెను. ఆ వరదలో మేరియెట్ వ్రాతలు, చిత్రములు చాలవరకు నశించెను.

స్వంత జీవితమున సుఖము తక్కువ. 1865లో భార్య పోయెను. బిడ్డలలో పలువురు అతని కన్నులయెదుటనే గతించిరి. వెర్డీ సంగీతము కూర్చిన ఐడా గేయనాటకమునకు మూలకథ నల్లినది ఇతడే. ప్రష్యా సేనలు పారిస్‌ను ముట్టడించుటచే అచట సిద్ధమగుచున్న దుస్తులు చిక్కుపడి, ప్రదర్శనము ఆలస్యమై 1871 డిసెంబరు 24వ తేదీన కైరోలో జరిగెను. అంతలో మధుమేహ మతనిని క్రుంగదీయసాగెను.

పిరమిడ్ల లోపలి గదులలో వ్రాతలుండవని మేరియెట్ చిరకాలము నమ్మెను. 1881 జనవరి మొదట బ్రుగ్ష్ సోదరులు సక్కారాకు పోయి, క్రొత్తగా తెరచిన రెండు పిరమిడ్ల గోడలనిండ చిత్రలిపి యుండుట చూచి వచ్చి, మరణశయ్యపై నున్న మిత్రునకు తెలియజేసిరి. జనవరి 18వ తేదీన బులాక్‌లో అతడు కన్నుమూసెను. దేహమును శిలాపేటికయందుంచి ప్రదర్శనశాల చెంతనే నిలిపిరి. ప్రదర్శనశాల గిజాకు తరలినపుడు ఆ పేటికయు తరలెను. 1902లో కైరోనందలి నూతన భవనమునకు మారినపుడు మరల దాని వెంట పోయి, ముంగిట తోటలో నిలిచెను.