నవ్వని ముఖంతో లోకాన్ని నవ్వించిన బస్టర్ కీటన్

మూకీ చిత్రాల యుగంలో చార్లీ చాప్లిన్‌తో పాటు ప్రపంచాన్ని నవ్వించిన నటుడు, దర్శకుడు బస్టర్ కీటన్. ఎంతటి ఆపద ముంచుకొచ్చినా తెరపై ఆయన ముఖంలో చలనం కనిపించదు. ఆ నిశ్చలత ఆయనకు బాల్యంలోనే, రంగస్థలంపై అలవడింది.

అమెరికాలోని కాన్సస్ రాష్ట్రానికి చెందిన పికువా అనే చిన్న గ్రామంలో 1895 అక్టోబరు 4న కీటన్ జన్మించారు. తల్లిదండ్రులు జో, మైరా ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చే కళాకారులు. పాట, నృత్యం, గారడీ, హాస్యం కలగలిసిన వాడెవిల్ ప్రదర్శనలకు ఆనాడు అక్కడ విశేష ఆదరణ ఉండేది. ఐదేళ్లు నిండీ నిండకముందే బస్టర్ ఆ వేదిక ఎక్కారు. అల్లరి కొడుకును తండ్రి దండించడమే ఆ కుటుంబ ప్రదర్శనలోని ప్రధానాంశం. తండ్రి ఆ పసివాడిని వేదికపై ఈడ్చేవారు, ఎత్తి దూరంగా విసిరేవారు. విసరడానికి వీలుగా బాలుడి దుస్తులకు వీపు వద్ద పెట్టె పిడిని కుట్టారు.

కిందపడి తాను నవ్వితే ప్రేక్షకులు నవ్వరని, గంభీరంగా లేచి నిలబడితే విరగబడి నవ్వుతారని బాలుడు త్వరలోనే గ్రహించారు. బాలల సంరక్షణ సంఘం ఈ ప్రదర్శనలపై పదేపదే అభ్యంతరం తెలిపింది. అధికారులు చొక్కా విప్పించి దెబ్బల కోసం వెతికిన సందర్భాలూ ఉన్నాయి. 1907 తరువాత కొంతకాలం న్యూయార్క్ వేదికలకు ఆ కుటుంబం దూరం కావలసి వచ్చింది. బస్టర్‌కు బడి చదువు దాదాపు దక్కలేదు. తండ్రి మద్యపానం పెరిగేకొద్దీ వేదికపై విన్యాసాలు మరింత ప్రమాదకరంగా మారాయి. చివరకు 1917లో ఆ బృందం విడిపోయింది.

అదే ఏడాది హాస్యనటుడు రాస్కో ఆర్బకిల్ చిత్రంతో కీటన్ సినీరంగంలో అడుగుపెట్టారు. కెమెరా పనితీరును శ్రద్ధగా అధ్యయనం చేశారు. 1921లో చీలమండ విరగడంతో దూకడాలు, పడడాలు తగ్గించుకోవలసిన పరిస్థితి ఏర్పడింది. ఆ సమయంలో రూపొందించిన ‘ది ప్లేహౌస్’ చిత్రంలో ఆయన తన బాల్యపు నాటకశాలను తెరపైకి తెచ్చారు. అందులో వాద్యకారులు, నర్తకులు, ప్రేక్షకులు అందరూ కీటనే. ఒకే చట్రంలో తొమ్మిది మంది కీటన్లు కనిపించే దృశ్యం కోసం ఛాయాగ్రాహకుడు ఎల్గిన్ లెస్లీ కటకంలో కొంత భాగాన్ని మాత్రమే తెరచి, ఫిల్మును వెనక్కి తిప్పుతూ మళ్లీ మళ్లీ చిత్రీకరించారు. చేతితో తిప్పే కెమెరా వేగం ప్రతిసారీ ఒకేలా ఉండాలి. ఏ ఒక్కసారి తేడా వచ్చినా శ్రమంతా వృథాయే. రంగస్థలం, నృత్యం, మూకాభినయం, కెమెరా కౌశలం అందులో ఒక్కటయ్యాయి.

1924 నాటి ‘షెర్లాక్ జూనియర్’లో థియేటర్‌లో చిత్రాలు ప్రదర్శించే యువకుడు కలలో నేరుగా తెరలోని కథలోకి నడిచి వెళతాడు. ఆ చిత్రీకరణలో నీటి ధాటికి పడిపోయిన కీటన్ మెడ ఎముకకు పగులు ఏర్పడింది. ఆ సంగతి కొన్నేళ్ల తరువాత ఎక్స్‌రే తీసినప్పుడు గానీ బయటపడలేదు. ఒకప్పుడు తనను విసిరేసిన తండ్రికి అదే చిత్రంలో కథానాయిక తండ్రి పాత్రను ఆయన ఇచ్చారు.

1928లో పెద్ద సంస్థలో చేరాక కీటన్ సృజనాత్మక స్వేచ్ఛను కోల్పోయారు. తండ్రిని పీడించిన మద్యపాన వ్యసనమే ఆయననూ చుట్టుముట్టింది. దాని నుంచి కోలుకుని మళ్లీ నటనను కొనసాగించారు. 1952లో ‘లైమ్‌లైట్’ చిత్రంలో చాప్లిన్‌తో కలిసి నటించారు. 1960లో గౌరవ ఆస్కార్ అందుకున్నారు. 1966 ఫిబ్రవరి 1న కన్నుమూశారు.

తండ్రి తనను హింసించారని కీటన్ ఎన్నడూ ఆరోపించలేదు. దెబ్బ తగలకుండా పడడం ఆయన వద్దే నేర్చుకున్నానని భావించారు. అయినా ఆ బాల్యం పసివాడికి తగినదేనా అన్న ప్రశ్న మాత్రం ఆయన జీవితం చదివిన ప్రతి ఒక్కరికీ ఎదురవుతుంది. ‘ది ప్లేహౌస్’లోని ఆ విచిత్ర నాటకశాలలో మాత్రం వేదికపై ఆడేదీ ఆయనే, కూర్చుని చూసేదీ ఆయనే; ఆయనను విసిరేవారు అక్కడ ఎవరూ లేరు.