ఘోషా స్త్రీల న్యాయవాది కొర్నేలియా సొరాబ్జీ

ధనము నార్జించుట యొక కష్టము. ఆర్జించినదానిని నిలుపుకొనుట రెండవ కష్టము. కన్ను మూసిన పిదప అది తగినవారికి తగాదా లేక చేరునట్లు చేయుట ఈ రెంటికంటెను కష్టము. గ్రామలెక్కలతో పరిచయమున్న వారి కీ మాట క్రొత్తది కాదు. పట్టా పేరు మారవలసిన సమయమున ఎన్ని కుటుంబములు రెండుగా చీలునో, ఎన్ని వీలునామాలు కోర్టుల చుట్టు తిరుగునో, అక్షరజ్ఞానము లేని వితంతువులు తమకు తెలియని ఎన్ని కాగితములపై వ్రేలిముద్రలు వేయుదురో నావంటి లెక్కలవాని కెరుకయే. అట్టి స్త్రీల పక్షమున నిలుచుటకై న్యాయశాస్త్రమును చదివి, ఆ పనికే జీవితమును ధారవోసిన ఒక మహిళ చరిత్రను మన గ్రంథాలయ రజతోత్సవ సంచికలో చదువరుల ముందుంచుట సముచితమని తలచితిని. ఆమెయే కొర్నేలియా సొరాబ్జీ.

జననము, విద్య

కొర్నేలియా 1866వ సంవత్సరము నవంబరు 15వ తేదీన నాసిక్ పట్టణమున జన్మించెను. తండ్రి సొరాబ్జీ కర్సేడ్జీ పార్సీ కుటుంబమున పుట్టి క్రైస్తవమతము స్వీకరించిన వాడు. తల్లి ఫ్రాన్సీనా ఆంగ్ల దంపతుల పెంపకమున పెరిగినది. పూనాలో పాఠశాలలు స్థాపించి బాలికల చదువునకు పాటుపడిన ఉత్తమురాలు. కుమార్తెలు కుమారులతో సమానముగా చదువుకొనవలెనన్నది ఆ దంపతుల నిశ్చయము. ఆ నిశ్చయమే పిల్లలకు నిజమైన ఆస్తి యయ్యెను. కుమార్తెలలో సూసీ విద్యారంగమునను, ఆలిస్ వైద్యరంగమునను పేరు పొందిరి.

కొర్నేలియా పూనాలోని దక్కను కళాశాలలో పురుష విద్యార్థుల నడుమ చదివి, బొంబాయి విశ్వవిద్యాలయమున పట్టభద్రురాలైన మొదటి స్త్రీ యని పేరు గాంచెను. ఆమె పరీక్షలో పొందిన స్థానమునకు ఇంగ్లండులో చదువుటకు ప్రభుత్వ విద్యార్థివేతనము రావలసియుండెను. కాని ఆమె స్త్రీ యగుటచే అది లభింపలేదు. ఆమె కన్నీరు కార్చుచు కూర్చుండక, అహమ్మదాబాదులోని గుజరాతు కళాశాలలో ఆంగ్ల సాహిత్యము బోధించుటకు చేరెను. ఆ కాలమున ఒక యువతి మగపిల్లలకు కళాశాలలో పాఠము చెప్పుట వింతలలో వింత.

ఆమె పట్టుదలను విని ఇంగ్లండులోని కొందరు మిత్రులు చందాలు పోగుచేసిరి. వారిలో మేరీ హాబ్‌హౌస్ ముఖ్యురాలు. రోగుల పరిచర్యకు పేరెన్నికగన్న ఫ్లారెన్స్ నైటింగేల్ కూడ అందు పాలు పంచుకొనెను. అట్లు 1889లో కొర్నేలియా ఆక్స్‌ఫర్డులోని సోమర్‌విల్ కళాశాలలో ప్రవేశించెను. బేలియల్ కళాశాలాధిపతియైన బెంజమిన్ జోవెట్ పండితుని ఆదరము ఆమెకు లభించెను. మన వేదవాఙ్మయమును పాశ్చాత్యులకు పరిచయము చేసిన మాక్సుముల్లరు పండితుని సాంగత్యమును ఆమె అచ్చటనే పొందెను.

1892లో ఆమె బి.సి.యల్. అను న్యాయశాస్త్ర పరీక్షకు కూర్చుండ దలచినప్పుడు స్త్రీని పరీక్షించుట యెట్లను అభ్యంతరము వచ్చెను. విశ్వవిద్యాలయ సభవారు ప్రత్యేకముగా అనుమతి తీర్మానము చేసిన మీదటనే ఆమెకు పరీక్షాశాలలో చోటు దొరికెను. అంతకుముందు ఏ స్త్రీయు ఆ పరీక్షకు కూర్చుండలేదు. పరీక్ష ముగిసినను పట్టము రాలేదు. ఆ విశ్వవిద్యాలయము స్త్రీలకు పట్టము లిచ్చుట 1920లోగాని ఆరంభింపలేదు. ఆమె తన పట్టమును 1922లో, అనగా 30 సంవత్సరముల పిదప, అందుకొనెను!

తలుపులు మూసిన న్యాయస్థానములు

లండనులో ఒక సొలిసిటర్ల కార్యాలయమున కొంతకాలము పని నేర్చి, 1893లో ఆమె స్వదేశమునకు వచ్చెను. వచ్చిన పిదప కాని అసలు కష్టములు తెలియలేదు. శాస్త్రము చదివినది, వాదింపగలదు, కక్షిదారులు కలరు. కాని న్యాయవాదిగా నమోదు చేయుటకు ఆమె స్త్రీ. కాఠియావాడము, ఇందూరు మొదలగు సంస్థానముల ఏజెన్సీ కోర్టులలో మాత్రము ప్రత్యేకానుమతిపై వాదింపగలిగెను.

ఆ రోజులనాటి ఒక వినోదగాథను ఆమె తన స్వీయచరిత్రలో చెప్పుకొనెను. పంచమహలు ప్రాంతమున ఒక ఏనుగు పోషణకై పూర్వ మిచ్చిన భూమిని సంస్థానమువారు లాగుకొనగా, ఏనుగు పక్షమున ఆమె వాదింపబోయెను. తీర్పరి రాజుగారే, ప్రతివాదియు ఆయనయే. రాజుగారి కుక్కకు ఆమె నచ్చినదట. అందుచే దావా గెలిచెను! నవ్వు వచ్చు కథయే యైనను, న్యాయము శాస్త్రముపై గాక ప్రభువు చిత్తముపై ఆధారపడినచో ఎంత అస్థిరమో ఆలోచింపుడు.

1896లో పూనాలో హత్యానేరము మోపబడిన ఒక స్త్రీ పక్షమున ఆమె వాదించెను. 1897లో బొంబాయి విశ్వవిద్యాలయపు యల్.యల్.బి. పరీక్షను, 1899లో అలహాబాదు హైకోర్టు వకీలు పరీక్షను ముగించెను. పరీక్షలన్నియు ఆమెవే, నల్లకోటు మాత్రము పురుషులది!

వితంతువు ఆస్తి యనగా నేమి?

ఆమె చేసిన సేవ తెలియవలెనన్న, ఆనాటి ధర్మశాస్త్ర పద్ధతి కొంచెము తెలియవలెను. హిందువుల దాయవిభాగమునకు రెండు మార్గములు. మన ప్రాంతమున విజ్ఞానేశ్వరుని మితాక్షర ప్రమాణము. తిక్కనగారి కాలమువాడైన మూలఘటిక కేతన దానినే విజ్ఞానేశ్వరీయ మను పేర తెనిగించెను. వంగదేశమున జీమూతవాహనుని దాయభాగము ప్రమాణము. మితాక్షర ననుసరించు ఉమ్మడి కుటుంబమున భర్త గతించినచో భార్యకు మనోవర్తి మాత్రమే దక్కెడిది. ఈ స్థితి 1937వ సంవత్సరపు చట్టముతోగాని మారలేదు. దాయభాగమున సంతానము లేని వితంతువునకు ఉమ్మడిలోని భర్త భాగమే సంక్రమించెడిది.

పైకి చూడ వంగదేశపు వితంతువు భాగ్యవతి. కాని ఆ భాగ్యమే ఆమెకు గండము. ఆ ఆస్తిని ఆమె బ్రతికినంతకాల మనుభవింపవలెనేగాని తగిన అవసరము లేనిదే అమ్మరాదు. ఆమె పిదప అది భర్త దాయాదులకు చేరును. కనుక ఆమె ఆయువెప్పుడు తీరునా యని ఎదురుచూచువా రొకవైపు. ఆమె బ్రతికియుండగానే కాగితము వ్రాయించుకొన జూచువారు మరియొకవైపు. ఆమె దత్తత చేసికొనవలెనన్న భర్త ఇచ్చిన అనుమతి యుండవలెను. ఆ అనుమతిపత్రము నిజమా కల్పితమా యని ఎన్ని జమీందారీలు అప్పులపాలైనవో లెక్క లేదు.

ఇంతకును ఆ స్త్రీ ఘోషాలో నుండును. పరపురుషుని చూడరాదు, మాటాడరాదు. వకీలు, మేజిస్ట్రేటు, మేనేజరు, అందరును పురుషులే. దివానుగారో బంధువో తెరవెలుపల నిలిచి ఏది చెప్పిన అదియే ఆమె మాటగా చెల్లెడిది. తెరక్రిందనుండి వచ్చిన వ్రేలిముద్ర రాణిగారిదో దాసిదో చూచినవా రెవరు? ఈ కారణముననే న్యాయస్థానములు ఒక మంచి సూత్రము నేర్పరచినవి: ఘోషా స్త్రీ వ్రాసియిచ్చిన దస్తావేజుపై హక్కు కోరువాడు, ఆమె దానిని వినిపించుకొని, ఫలితము గ్రహించి, స్వేచ్ఛగా అంగీకరించెనని తానే రుజువు చేయవలెను. సూత్రము గొప్పది. అయిన తెరలోపలికి పోయి ఆమెకు వివరించి చెప్పువా రెవరు? ఈ ప్రశ్నకు సమాధానముగా కొర్నేలియా తన్ను తానే సమర్పించుకొనెను.

కోర్ట్ ఆఫ్ వార్డ్స్ సేవ

యజమాని మైనరైనను, ఆస్తిని నిర్వహింపజాలని స్త్రీ యైనను ప్రభుత్వమే ఆ జమీందారీని చేపట్టి నడపు పద్ధతికి కోర్ట్ ఆఫ్ వార్డ్స్ అని పేరు. ఇది తెలుగువారికి తెలియనిది కాదు. మద్రాసు రాజధానిలో 1804వ సంవత్సరముననే ఇందుకు రెగ్యులేషను పుట్టెను. పిఠాపుర సంస్థానమును మైనరు రాజుగారి పక్షమున కోర్ట్ ఆఫ్ వార్డ్స్ వారే నడపిరి. వీలునామా ద్వారా జమీందారీని ఇచ్చుట చెల్లునని 1899లో ప్రివీ కౌన్సిలు తీర్మానించినది ఆ సంస్థానపు దావాలోనే.

పై యధికారులు పురుషులగుటచే రాణివాసములలోని గోడు వారికి చేరదని కొర్నేలియా 1902 మొదలు ఇండియా ఆఫీసువారికి విన్నవించుకొనెను. ఫలితముగా 1904లో వంగరాష్ట్రపు కోర్ట్ ఆఫ్ వార్డ్స్‌నకు ఆమెను లేడీ అసిస్టెంటుగా నియమించిరి. 1907 నాటికి వంగ, బీహారు, ఒరిస్సా, అస్సాము ప్రాంతములన్నియు ఆమె తిరుగవలసినవే యయ్యెను.

రైలు పోయినంతవరకు రైలు. అటుపై పల్లకి, పడవ, ఎడ్లబండి, ఒక్కొక్కచో ఏనుగు. ఎండ యనక వాన యనక ఆమె పల్లెలలోని కోటలకును లోగిళ్లకును పోయెను. రాణులతో నేలపై కూర్చుండి, వారి పూజలను గౌరవించి, వారి కథలు విని, నమ్మకము సంపాదించిన పిదపనే కాగితముల మాట యెత్తెడిది. మనోవర్తి సరిగా అందుచున్నదా, నగలపెట్టె తాళము ఎవరి చేతిలో నున్నది, మైనరు పిల్లవానికి తిండి యెవరు పెట్టుచున్నారు, చదువు చెప్పువాడు ఎట్టివాడు అని విచారించెడిది. వారసుడైన పసివాని కపాయము కలిగినచో లాభపడువారు ఇంటిలోనే యుండు కాలమది. కావున బిడ్డల ఆరోగ్యము చూచుటయు ఆస్తిరక్షణలో భాగమే యని ఆమె గ్రహించెను. అత్తాకోడండ్రకు, సవతులకు, దాయాదులకు మధ్య రాజీలు కుదిర్చి, కోర్టు ఖర్చులకు పోవలసిన సొమ్మును బిడ్డలకు మిగిల్చెను.

ఇట్లు సుమారు 20 సంవత్సరములలో 600 మంది స్త్రీలకును అనాథ బాలురకును ఆమె సహాయపడెనని చెప్పుదురు. 1909లో ప్రభుత్వమువారు కైజర్-ఇ-హింద్ స్వర్ణపతక మిచ్చిరి. ఆమె మాత్రము ఆ స్త్రీల జీవితములను గ్రంథస్థము చేయుటయందే ఎక్కువ తృప్తి పొందెను. 1934లో వెలువడిన ఇండియా కాలింగ్ అను స్వీయచరిత్ర వానిలో ప్రసిద్ధము.

బారిష్టరు పదవి

కాలము మెల్లగా కదలెను. ఇంగ్లండులో 1919వ సంవత్సరపు చట్టము స్త్రీలకు వృత్తుల ద్వారములు తెరచెను. 1921లో అలహాబాదు హైకోర్టు కొర్నేలియాను వకీలుగా నమోదు చేసెను. 1923లో లండనులోని లింకన్స్ ఇన్ ఆమెను బారిష్టరుగా స్వీకరించెను. ఆ యేడే మన దేశమున స్త్రీలు న్యాయవాదవృత్తి చేయుటకు అడ్డు లేదని శాసనము వచ్చెను. అప్పటి కామె వయస్సు 57కు చేరువ. ఇతరులు విశ్రాంతి కోరు వయస్సున ఆమె కలకత్తా హైకోర్టున ప్రవేశించెను. కాని చట్టము మారినంత సులభముగా మనుష్యుల మనస్సులు మారవు. కోర్టులో నిలిచి వాదించు అవకాశము లరుదై, ఎక్కువగా అభిప్రాయములు వ్రాసి ఇచ్చుటతోనే తృప్తి పడవలసివచ్చెను. 1929లో ఆమె వృత్తి విడిచి లండనులో స్థిరపడెను. 1954 జూలై 6వ తేదీన అచ్చటనే కన్నుమూసెను. 2012లో లింకన్స్ ఇన్‌లో ఆమె ప్రతిమను నిలిపిరి.

గుణదోష విచారము

మహనీయుల చరిత్ర వ్రాయునప్పుడు మెచ్చుకోలు మాత్రమే వ్రాయుట న్యాయము కాదు. కొర్నేలియా బ్రిటిషు ప్రభుత్వమును నమ్మిన వ్యక్తి. గాంధీజీ ఉద్యమమును ఆమె వ్యతిరేకించెను. 1927లో మిస్ మేయో మన దేశమును కించపరచుచు గ్రంథము వ్రాసినప్పుడు ఆమెను సమర్థించి, దేశీయ సంస్కర్తల అభిమానమును పోగొట్టుకొనెను. చదువు రానిదే స్వాతంత్ర్యము రారాదన్నది ఆమె తలపు. స్వాతంత్ర్యము రానిదే చదువు రాదని దేశము తలచినది. చరిత్ర దేశము పక్షమున తీర్పు చెప్పినది. అయినను తెరచాటున అలమటించిన వితంతువునకు ఆమె చేసిన ఉపకారము ఆ తీర్పుతో చెరగిపోదు. ఒక పద్దు తప్పైనంత మాత్రమున లెక్కపుస్తక మంతయు చింపివేయము గదా.

మనము గ్రహింపవలసినది

నేడు జమీందారీలు లేవు, కోర్ట్ ఆఫ్ వార్డ్స్ లేదు. 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టము వితంతువు పరిమిత హక్కును సంపూర్ణ హక్కుగా మార్చెను. కుమార్తెకు ఉమ్మడి ఆస్తిలో కుమారునితో సమాన భాగము ఆంధ్రప్రదేశమున 1985 నుండియు, దేశమంతటను 2005 నుండియు లభించెను. శాసనము లిన్ని వచ్చినను, చదువకయే సంతకము చేయు అలవాటు మాత్రము పూర్తిగా పోలేదు. అన్నగారు చెప్పిరని హక్కు విడుదల కాగితముపై వ్రేలు పెట్టు ఆడపడుచులు ఇంకను కలరు.

కావున చదువరులకు రెండు మాటలు మనవి చేయుదును. వీలునామా వ్రాయదలచినవారు బుద్ధి స్థిరముగా నున్నప్పుడే వ్రాయవలెను. తాము సంతకమో గుర్తో చేసి, కనీస మిద్దరు సాక్షులచే సంతకములు చేయింపవలెను. రిజిస్ట్రీ తప్పనిసరి కాకున్నను చేయించుట క్షేమము. ఒకటికంటె ఎక్కువ వ్రాసినచో కడపటిదే చెల్లును. ఇక రెండవది: ఇంటిలోని స్త్రీకి తెలియకుండ ఆమె పేర ఏ కాగితమును పుట్టరాదు. వినిపించిన చాలదు, ఆమెయే చదువుకొనగలుగవలెను.

కొర్నేలియా సొరాబ్జీ ఒక్కతె 600 గడపలు తొక్కినది. ఆమె రాలేని గడపకు పుస్తకము రాగలదు. ఈ 25 సంవత్సరములుగా మన గ్రంథాలయము చేయుచున్న పని అదియే. ఈ ఊరి ప్రతి యాడుబిడ్డయు తన దస్తావేజును తానే చదువుకొని, తన పేరు తానే వ్రాయు కాలము సంపూర్ణముగా వచ్చుగాక! మన గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును చూచుగాక!